గడ్డల ఆపరేషన్‌లో పేగులు అతుక్కోకుండా వేసే కరిగిపోయే పొర – డబ్బు పెట్టి వేయించాలా?

ఖమ్మం_అక్క:
అందరికి నమస్తే. మా చెల్లికి 34 ఏండ్లు, గర్భసంచిల గడ్డలు ఉన్నయ్, పెద్దయి, ఒకటి వెనక గోడకు ఉందంట. ఒక్క బాబే, రెండో కాన్పు కావాలని సంచి తీయకుండ గడ్డలు మటుకే తీయమని అడిగినం, డాక్టరమ్మ కూడ సరే అన్నరు, కాని పొట్ట కోసే చెయ్యాలె అన్నరు, బాబు కూడ పెద్దాపరేషన్‌తోనే పుట్టిండు. ఇప్పుడు సంగతేందంటే, కుట్లు వేసినంక సంచి మీద ఒక పల్చటి పొర పరుస్తరంట, దానితో పేగులు, ట్యూబులు సంచికి అతుక్కోవంట, కొన్ని రోజులకు అదే కరిగి పోతదంట. బిల్లింగ్‌ల అడిగితే ప్యాకేజిల లేదు, విడిగా కట్టాలె, వేలల్ల అయితది అన్నరు. మా మరిది ఇదంత బిల్లు పెంచే పని అంటున్నడు. మా అమ్మ ఏమో లోపల ఏదో పెట్టి మర్చిపోతే ఎట్ల అని భయపడుతుంది. తెలిసినోళ్ళు జర చెప్పున్రి, ఇది నిజంగ పనిచేస్తదా, నష్టం ఏమన్న ఉంటదా?

బిల్లు_చూసేవాడు:
అక్కా, మీ మరిది అన్నదాంట్లో తప్పు లేదు. ప్యాకేజీ బయట ఏది చెప్పినా ఒకటికి రెండుసార్లు అడగాలి. ఇదివరకు ఇలాంటి జెల్ ఒకటి అమెరికాలోనే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారని చదివా. తొందరపడి సంతకం పెట్టొద్దు.

గైనిక్_వరంగల్:
కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మీ చెల్లి రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి ఆవిడ డాక్టరు మాటే ఫైనల్, నేను చెప్పేది మామూలుగా ఎలా ఆలోచిస్తామో అంతే.

ఈ అతుకుల్ని మేము అడ్హెషన్స్ అంటాం. పొట్ట లోపల అన్ని అవయవాల మీదా నున్నటి సన్నని పొర ఉంటుంది, దాని వల్లే పేగులు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి. ఆపరేషన్‌లో కోసిన చోట, కాల్చిన చోట, చివరికి పొడి గుడ్డతో గట్టిగా తుడిచిన చోట కూడా ఆ నునుపు పోతుంది. అక్కడ రక్తంలోని ఫైబ్రిన్ జిగురులా పేరుకుంటుంది. శరీరం మామూలుగా కొద్ది రోజుల్లోనే దాన్ని కరిగించేసుకుంటుంది, కానీ దెబ్బ తగిలిన చోట రక్త ప్రసరణ తగ్గితే, రక్తం గడ్డలు మిగిలిపోతే, ఇన్ఫెక్షన్ ఉంటే ఆ కరిగించే పని మందగిస్తుంది, అప్పుడు ఆ జిగురులోకి కణాలు చేరి పీచు తయారై, రక్తనాళాలు కూడా వచ్చి గట్టి తాడులా అయిపోతుంది. అలా అయ్యాక మళ్ళీ కోస్తే తప్ప విడిపోదు.

గడ్డలు తీసే ఆపరేషన్‌ని మేము ఎందుకు ప్రత్యేకంగా చూస్తామంటే, సంచి మీద పొడవైన కోత, దాని మీద వరసగా కుట్లు, పైగా సంచికి రక్తం ఎక్కువ. అందులోనూ వెనక గోడ మీద కోత పడితే ముందు గోడ కంటే అతుకులు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే ట్యూబులు, అండాశయాలు, పేగులు అన్నీ ఆ వెనక వైపే ఉంటాయి. రెండో కాన్పు కావాలనుకునే అమ్మాయికి ట్యూబు అండాశయానికో సంచికో అతుక్కుంటే కష్టం. కాబట్టి మీ డాక్టరు ఆ మాట ఎత్తడంలో నాకు వింతేమీ కనపడలేదు. 1996లో 127 మంది ఆడవాళ్ళ మీద సరిగ్గా ఇదే ఆపరేషన్‌లో సెప్రాఫిల్మ్ అనే పొర వేసి, తర్వాత లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి, లోపలికి తిరిగి చూశారు, వేసిన వాళ్ళలో అతుకులు తక్కువ ఉన్నాయి.

బిల్లు_చూసేవాడు గారు చెప్పిన జెల్ ఇంటర్‌జెల్. అది నిజమే. 2001 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2003లో కంపెనీయే వెనక్కి తీసుకుంది, ఆపరేషన్ తర్వాత నొప్పి, రియాక్షన్లు ఎక్కువ వస్తున్నాయని. అందులో ఇనుముతో కలిపిన హయలూరోనిక్ ఆమ్లం ఉండేది. ఇప్పుడు వాడే పొరలు వేరే రకం.

ఖమ్మం_అక్క:
చాన థ్యాంక్స్ మేడం. వెనక గోడ సంగతి మాకు ఎవ్వలు చెప్పలే. మరి అది లోపల నిజంగ కరుగుతదా, మా అమ్మకు ఎట్ల చెప్పాలె?

పాలిమర్_ల్యాబ్:
అక్కా నేను డాక్టర్ని కాదు, బయోమెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఈ పదార్థాలతోనే రోజూ పని. సెప్రాఫిల్మ్‌లో ఉండేవి రెండు. ఒకటి హయలూరోనిక్ ఆమ్లం, ఇది మన మోకాలి కీలులో, కంటి లోపల జెల్లీలో సహజంగానే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులకి ఇంజెక్షన్‌గా ఇచ్చేది కూడా ఇదే. రెండోది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, చెట్ల పీచు నుంచి తయారుచేస్తారు, కంటి చుక్కల్లో, మాత్రల్లో, ఐస్‌క్రీముల్లో కూడా వాడతారు. రెండిటినీ రసాయనికంగా మార్చి పల్చటి రేకులా చేస్తారు, ఎందుకంటే మామూలు హయలూరోనిక్ ఆమ్లం నీళ్ళలో కరిగి తొందరగా పోతుంది, అతుకు ఆపేంత సేపు ఆగదు.

లోపల పరిచాక 24 నుంచి 48 గంటల్లో అది జెల్ అయిపోతుంది, ఏడు రోజుల దాకా ఆ చోట ఉంటుంది, 28 రోజుల్లోపు ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. ఏడు రోజులు ఎందుకంటే, ఆ నున్నటి పొర మళ్ళీ పెరగడానికి దాదాపు అంతే టైం పడుతుంది. అమ్మకి ఇలా చెప్పండి, అప్పడాలు పచ్చిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి వేస్తే అంటుకుపోతాయి, మధ్యలో ఏదన్నా గుడ్డ వేస్తే అంటుకోవు, ఎండాక గుడ్డ తీసేసి ఎన్ని పేర్చినా ఏం కాదు. ఈ పొర ఆ పచ్చి రోజులకి మాత్రమే కావాలి. తీయడానికి మళ్ళీ పొట్ట కోయక్కర్లేదు, కరిగే రకం తయారుచేసిందే అందుకు. ఇదివరకు కరగని రకం కూడా ఉండేది, గోర్‌టెక్స్ రేకు, దాన్ని కుట్టి పెట్టి తర్వాత మళ్ళీ తీయాల్సి వచ్చేది.

ఇంకో రకం ఇంటర్సీడ్, అది ఆక్సిడైజ్ చేసిన సెల్యులోజ్ బట్ట, చూడ్డానికి జాలీ గుడ్డలా ఉంటుంది, 1989 నుంచి వాడకంలో ఉంది. మూడోది అడెప్ట్, అది అసలు పొరే కాదు, నీళ్ళ మందు, 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్, ఆపరేషన్ చివర్లో లీటరు దాకా పొట్టలో వదిలేస్తారు, అవయవాలు కొన్ని రోజులు ఆ నీళ్ళలో తేలుతూ ఒకదానికొకటి అంటకుండా ఉంటాయి.

గోదారి_గట్టు:
ఏవండీ నేనొక మాట చెప్పొచ్చాండీ. నాకు ముప్పై దాటగానే సంచి తీయించేశారండి, మా వైపు అప్పట్లో తెల్లబట్ట అన్నా నడుం నొప్పి అన్నా సంచి తీసేయడమే కదండీ. ఆ తర్వాత కొన్నేళ్ళు బానే ఉన్నానండి, ఓసారి పెళ్ళికెళ్ళి భోజనం చేసొచ్చాక రాత్రి మొదలైందండీ కడుపు మెలిపెట్టి నొప్పి, వస్తాది పోతాది వస్తాది పోతాది, పచ్చగా వాంతులు, పొట్ట డప్పులా ఉబ్బిపోయింది, గాలి కూడా పోలేదండి. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. తెల్లారి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే స్కాన్ తీసి పాత ఆపరేషన్ అతుకులకి పేగు చిక్కుకుందన్నారండి. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్లు పెట్టి, నోట్లో చుక్క నీళ్ళు పోయకుండా ఉంచారు, దేవుడి దయవల్ల కోయకుండానే విడిపోయింది. సంచి తీసినప్పుడు ఈ పొరలూ అవీ ఉన్నాయని ఎవరూ చెప్పలేదండి. ఖమ్మం అమ్మాయి డబ్బులకి చూసుకోకుండా వేయించుకోవాలని నా మాటండి. ఇంకో ప్రశ్న, ఇప్పుడు నా లోపల ఉన్న అతుకులు తీయించేసుకుని ఈ పొర వేయించుకోవచ్చాండీ?

గుంటూరు_సర్జన్:
అమ్మా మీకు జరిగింది చదివాను. మీరు రాసిన గుర్తులు ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోండి, పాత పొట్ట ఆపరేషన్ ఉన్న మనిషికి మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఉబ్బరం, మలం గాలి రెండూ ఆగిపోవడం, ఈ నాలుగూ కలిసి వస్తే సోడాలూ ఆముదాలూ తాగించకూడదు, వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి. జ్వరం, గుండె దడ, నొప్పి ఆగకుండా ఉండడం ఉంటే పేగుకి రక్తం ఆగిపోతోందేమో చూడాలి, అప్పుడు గొట్టం వేసి ఎదురు చూడం. అలాంటివి లేకపోతే చాలామందికి మీకులాగే కోయకుండా విడిపోతుంది. గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే మందు గొట్టంలోంచి పోసి ఎక్స్‌రే తీస్తాం, 24 గంటల్లో అది పెద్దపేగులోకి చేరితే విడిపోతుందని ధైర్యం వస్తుంది. మూడు రోజుల దాకా చూసి అప్పటికీ కాకపోతే ఆపరేషన్.

మీ ప్రశ్నకి జవాబు, వద్దమ్మా. ఇబ్బంది లేనప్పుడు అతుకులు తీయడానికని పొట్ట తెరిస్తే ఆ తెరవడమే కొత్త అతుకులకి కారణం అవుతుంది. నొప్పి కోసం అతుకులు విడదీయడం మీద 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ట్రయల్ (పేషెంట్ల మీద పోల్చి చూసే పరీక్ష) వచ్చింది, 100 మంది, సగం మందికి లాపరోస్కోపీతో చూసి అతుకులు విడదీశారు, సగం మందికి చూసి ఊరుకున్నారు. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది. విడదీసినందువల్ల అదనంగా వచ్చిన లాభం లేదు. విడదీసేటప్పుడు పేగుకి చిల్లు పడే ప్రమాదం మాత్రం అదనం.

డల్లాస్_తెలుగు:
నాకు అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగులో పుళ్ళు పడే జబ్బు) పెద్దపేగు మొత్తం తీసేశారు, చిన్నపేగుతో సంచిలా పౌచ్ చేసి, అది మానేదాకా పొట్ట మీద స్టోమా (మలం బయటికి రావడానికి పెట్టిన దారి), దానికి బ్యాగ్, తర్వాత మళ్ళీ ఆపరేషన్ చేసి బ్యాగ్ మూసేశారు. మొదటి ఆపరేషన్ నోట్స్ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో చదివితే పొట్ట మధ్యలో నిలువు కోత కింద సెప్రాఫిల్మ్ పెట్టామని రాసుంది. సర్జన్‌ని అడిగితే, "మళ్ళీ తెరవాలని ముందే తెలుసు కదా, తెరిచేటప్పుడు పేగు పొట్ట గోడకి అతుక్కుని ఉంటే కత్తి తగులుతుంది, అందుకని" అన్నారు. ఈ పొరని మొదట పరీక్షించింది కూడా సరిగ్గా నాలాంటి వాళ్ళ మీదేనంట.

గుంటూరు_సర్జన్:
> ఈ పొరని మొదట పరీక్షించింది కూడా సరిగ్గా నాలాంటి వాళ్ళ మీదేనంట

అవునండి. 1996లో వచ్చింది ఆ ట్రయల్, 183 మంది, అందరికీ మీ ఆపరేషనే. ఎలాగూ స్టోమా మూయడానికి కొన్ని వారాలకి మళ్ళీ వస్తారు కదా, అప్పుడు కెమెరా పెట్టి పాత కోత కింద చూశారు. పొర వేసిన వాళ్ళలో 51 శాతం మందికి ఒక్క అతుకు కూడా లేదు, వేయని వాళ్ళలో అలా ఉన్నది 6 శాతమే. ఆ అంకెలు చూసే చాలామంది సర్జన్లు నమ్మారు, నేనూ నమ్మాను.

కానీ మిగతా సగం కూడా చెప్పాలి. మనకి కావాల్సింది లోపల కెమెరాకి అతుకు కనపడకపోవడం కాదు, గోదారి_గట్టు అమ్మకి వచ్చినట్టు పేగు అడ్డుపడకపోవడం. దాని కోసం 1,700 మందికి పైగా ఉన్న పెద్ద ట్రయల్ చేశారు, 2006లో ఫలితం వచ్చింది. మొత్తం మీద పేగు అడ్డుపడిన కేసులు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, అతుకుల వల్ల మళ్ళీ కోయాల్సి వచ్చినవి 3.4 శాతం నుంచి 1.8 శాతానికి తగ్గాయి. అంటే వంద మందికి వేస్తే ఒకరో ఇద్దరో మళ్ళీ ఆపరేషన్ తప్పించుకున్నట్టు. ఇది చిన్న లాభమా పెద్ద లాభమా అంటే ఆ ఒకరిద్దరికీ చాలా పెద్దది, వందమందికీ బిల్లు కట్టే ప్రభుత్వాసుపత్రికి మాత్రం ఆలోచించాల్సిన లెక్క.

అదే ట్రయల్‌లో ఇంకో విషయం బయటపడింది, పేగుని కోసి కలిపిన కుట్టు చుట్టూ ఈ పొర చుడితే లీకులు ఎక్కువయ్యాయి. మానడానికి ఆ కుట్టు మీదకి చుట్టుపక్కల కొవ్వు పొర వచ్చి అతుక్కోవాలి, దాన్నే మనం ఆపేస్తున్నాం. అందుకే పేగు కుట్టు మీద వేయకూడదు. అతుకు అన్నది ప్రతిచోటా శత్రువు కాదు, పేగు చిల్లు పడితే దాన్ని మూసి మనిషిని బతికించేదీ అదే.

బిల్లు_చూసేవాడు:
సార్ ఇలా రెండు వైపులా చెప్పేవాళ్ళు తక్కువ. మరి పిల్లలు పుట్టే విషయంలో కూడా ఇలాంటి లెక్క ఉందా? ఈ అక్క చెల్లికి అదే కదా కావాల్సింది.

గైనిక్_వరంగల్:
మంచి ప్రశ్న. పొర వేస్తే అతుకులు తగ్గుతాయని ఆధారం ఉంది. పొర వేస్తే పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని, కడుపునొప్పి తగ్గుతుందని గట్టి ఆధారం ఇప్పటిదాకా లేదు. గైనిక్ ఆపరేషన్లలో ఈ పొరల మీద వచ్చిన కోక్రేన్ సమీక్షలు (ఉన్న ట్రయల్స్ అన్నీ కలిపి బేరీజు వేసేవి) కూడా అదే చెప్పాయి. 2014లో లాన్సెట్‌లో అన్ని ట్రయల్స్ కలిపి చూస్తే సెల్యులోజ్ బట్ట, సెప్రాఫిల్మ్ రెండూ అతుకులు తగ్గిస్తాయని, ప్రమాదకరమైన ఇబ్బందులు పెంచవని తేలింది. నేను పేషెంట్లకి ఇలాగే చెప్తాను, ఇది వేస్తే కాన్పు ఖాయం అని ఎవరన్నా అంటే నమ్మొద్దు, ఇది అనవసరం అని కొట్టిపారేసినా నమ్మొద్దు.

ఇంకా ఒకటి, పొర కంటే ముందు వచ్చేది ఆపరేషన్ చేసే చెయ్యి. వీలైతే ఒకే కోతలోంచి అన్ని గడ్డలూ తీయడం, ముందు గోడ నుంచి తీయగలిగితే అలా తీయడం, రక్తం పూర్తిగా ఆపడం, అవయవాల్ని తడిగా ఉంచడం, చివర్లో రక్తం గడ్డలు మిగలకుండా సెలైన్‌తో కడగడం. ఇవి చేయకుండా పైన పొర పరిస్తే ఆ డబ్బు వృథా.

థియేటర్_సిస్టర్:
మేడం చెప్పింది వంద శాతం నిజం, నేను వైజాగ్‌లో ఓటీలో (ఆపరేషన్ థియేటర్) సర్జన్‌కి సామాన్లు అందించే స్క్రబ్ సిస్టర్‌ని, ఈ పొరలు రోజూ చేత్తో పట్టుకునేది మేమే. సెప్రాఫిల్మ్ రేకు కాగితంలో పెట్టి వస్తుంది, అప్పడం కన్నా పల్చన, వంచితే పుటుక్కున విరిగిపోతుంది, తడి తగిలితే అక్కడే అతుక్కుంటుంది. అందుకని ముందు గ్లౌజులు మార్చుకుంటాం, పొడి గ్లౌజులు, పొడి ఫోర్సెప్స్, సర్జన్ గారు సక్షన్‌తో లోపల నీళ్ళన్నీ లాగేస్తారు, చిన్న ముక్కలుగా కత్తిరించి కాగితంతోనే లోపలికి తీసుకెళ్ళి పెట్టి కాగితం లాగేస్తాం. ఒకసారి అంటుకున్నాక జరపకూడదు, పక్కకి పోయిందనిపిస్తే దాన్ని అలాగే వదిలేసి ఇంకో ముక్క వేయాలి. లాపరోస్కోపీలో సన్నగొట్టంలోంచి దీన్ని పంపడం పెద్ద తలనొప్పి, కొందరు సెలైన్‌లో కలిపి పేస్టులా చేసి వేస్తారు.

ఇంటర్సీడ్ బట్ట పని తేలిక, ఎటు కావాలంటే అటు వంగుతుంది, కొంచెం సెలైన్ చల్లితే అక్కడే కూర్చుంటుంది. కానీ దానికి రక్తం పడదు. రక్తం ఊరుతున్న చోట వేస్తే కాసేపటికే నల్లగా మారిపోతుంది, అలా నల్లబడితే అది అతుకుని ఆపే బదులు ఇంకా పెంచుతుందని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు, తీసేసి రక్తం ఆపి కొత్తది వేయాలి. అప్పుడు రెండో ప్యాకెట్ బిల్లులోకి వస్తుంది, అందుకే కొన్నిసార్లు బిల్లులో రెండు కనపడతాయి, మోసం అనుకోవద్దు, అడిగితే చెప్తారు.

ఇంకో మాట, పౌడర్ గ్లౌజుల గురించి ఎవరూ రాయలేదు. గ్లౌజులు తేలిగ్గా ఎక్కాలని లోపల స్టార్చ్ పౌడర్ వేసేవాళ్ళు, అది పొట్టలో రాలితే దాని చుట్టూ గడ్డలు కట్టి అతుకులు వస్తాయి. అమెరికాలో 2017 జనవరి నుంచి పౌడర్ గ్లౌజులు నిషేధమే. మన దగ్గర ఇంకా అక్కడక్కడా కనపడుతూనే ఉంటాయి. వేల రూపాయలు పెట్టి పొర కొనే ముందు పౌడర్ లేని గ్లౌజులు వాడతారా అని అడగండి, ఆ ప్రశ్నకి ఖర్చేమీ లేదు.

ఇంకా ప్యాకెట్ మీద స్టిక్కర్ ఉంటుంది, పేరు, లాట్ నంబరు, ఎక్స్‌పైరీ. అది కేస్ షీట్‌లో అంటిస్తాం. డిశ్చార్జ్ రోజు సమ్మరీలో కూడా ఏ పొర, ఎన్ని, ఎక్కడ వేశారో రాయించుకోండి, రేపు ఎప్పుడన్నా ఇంకో డాక్టరు పొట్ట తెరవాల్సి వస్తే వాళ్ళకి అది పనికొస్తుంది.

ఖమ్మం_అక్క:
సిస్టర్ గారు మీరు రాసింది మా మరిదికి చదివి వినిపించిన, ఇప్పుడు ఆయనే కాగితం మీద ప్రశ్నలు రాసుకుంటున్నడు. ఇన్సూరెన్స్‌ల ఇది వస్తదా ఎవలకన్న తెలుసా?

క్లెయిమ్_డెస్క్:
పాలసీని బట్టి ఉంటుంది అక్కా. గ్లౌజులు, సిరంజిలు లాంటి కన్స్యూమబుల్స్‌ని (వాడి పారేసేవి) చాలా పాలసీలు విడిగా ఇవ్వవు, వాటి కోసం అదనంగా కట్టే కన్స్యూమబుల్స్ రైడర్ తీసుకుని ఉంటే నయం. ఇది ఇంప్లాంట్ కింద వేస్తారా కన్స్యూమబుల్ కింద వేస్తారా అన్నదాని మీద తిరస్కరణలు చూస్తుంటాం. క్యాష్‌లెస్ అయితే ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పంపేటప్పుడే ఎస్టిమేట్‌లో దీని పేరు రాయించి, ఎందుకు అవసరమో డాక్టరుతో రెండు లైన్లు రాయించండి, గతంలో సిజేరియన్ అయింది, వెనక గోడ గడ్డ, రెండో కాన్పు కావాలి అని. డిశ్చార్జ్ రోజు గొడవపడితే పని కాదు, ముందే అడిగితే కనీసం జవాబు చేతిలో ఉంటుంది. ఫార్మసీ బిల్లు మీద కూడా అదే లాట్ నంబర్ ఉందో లేదో చూసుకోండి.

విజయవాడ_కోడలు:
మేడం నాకు రెండు సిజేరియన్లు అయ్యాయి, రెండోసారి లోపల అంతా అతుక్కుపోయి ఉందని, మూత్రసంచిని విడదీయడానికే చాలాసేపు పట్టిందని చెప్పారు. అసలు మొదటి సిజేరియన్‌లోనే ప్రతి ఒక్కరికీ ఇది వేసేస్తే సరిపోదా? మన దగ్గర ఎన్ని సిజేరియన్లు అవుతున్నాయో తెలిసిందే కదా.

గైనిక్_వరంగల్:
మీ బాధ అర్థమవుతోందమ్మా. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రాలో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇందులో రెండోసారి, మూడోసారి కోసే వాళ్ళు ఎంతమందో ఆలోచిస్తే నాకే దిగులు వేస్తుంది. కానీ సిజేరియన్‌లో ఈ పొర వేసి, తర్వాతి సిజేరియన్‌లో చూసిన ర్యాండమైజ్డ్ ట్రయల్‌లో (చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి పోల్చేది) వేసిన వాళ్ళకీ వేయని వాళ్ళకీ తేడా కనపడలేదు. కాన్పు తర్వాత సంచి రోజురోజుకీ చిన్నదవుతూ ఉంటుంది, రక్తం, ఉమ్మనీరు ఉంటాయి, పొర అక్కడ ఎంత నిలుస్తుందో చెప్పలేం. అందుకని నేను మామూలు సిజేరియన్లలో వేయను, వేయమని అడిగినా ఎందుకు వద్దో చెప్తాను. అవసరం లేని మొదటి సిజేరియన్ చేయకపోవడమే ఇక్కడ అసలు మందు, ఆ విషయంలో మా డాక్టర్ల మీద, ముహూర్తాలు పట్టుకొచ్చే కుటుంబాల మీద కూడా బాధ్యత ఉంది.

నిర్వాహకులు:
ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు పెట్టి రేట్లు పోల్చే పోస్టులు రెండు తీసేశాం. దయచేసి విషయం మీదే రాయండి.

అమ్మకి_షుగర్:
అడెప్ట్ నీళ్ళ మందు గురించి పైన రాశారు కదా, మా అమ్మకి లాపరోస్కోపీలో అదే వేస్తామన్నారు, ఆవిడకి షుగర్ ఉంది, ఏమన్నా జాగ్రత్తా?

గుంటూరు_సర్జన్:
మంచి సమయంలో అడిగారు, ఇది చాలామందికి తెలీదు. ఐకోడెక్స్‌ట్రిన్ విరిగి మాల్టోజ్ అవుతుంది, కొన్ని రకాల గ్లూకోమీటర్లు ఆ మాల్టోజ్‌ని కూడా గ్లూకోజ్ అనుకుని లెక్క ఎక్కువ చూపిస్తాయి. అసలు షుగర్ తక్కువ ఉంటే మీటర్ ఎక్కువ చూపించింది కదా అని ఇన్సులిన్ ఇచ్చేస్తే మనిషి పడిపోతారు. అందుకని ఆ మందు వేశారని వార్డు సిస్టర్లకి, ఇంట్లో చూసుకునే వాళ్ళకి చెప్పి ఉంచండి, ఆ కొన్ని రోజులు షుగర్ ల్యాబ్‌లో చేయించండి, లేదా ఐకోడెక్స్‌ట్రిన్‌తో ఇబ్బంది లేని స్ట్రిప్పులేనా అని కనుక్కోండి. ఇంకా కోతల్లోంచి కొంచెం నీళ్ళు కారడం, కింద మర్మభాగం దగ్గర వాపు రావడం ఉంటుంది, చూసి భయపడొద్దు, కానీ డాక్టరుకి చూపించండి. ఈ మందుకి అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది, గైనిక్ లాపరోస్కోపీలో అతుకులు విడదీసే కేసులకి. ఇన్ఫెక్షన్ ఉన్నా, పేగు కోసి కలిపినా వాడరు.

గోదారి_గట్టు:
మా పెద్దమ్మ గారు అంటూ ఉంటారండి, ఆపరేషన్ అయ్యాక తొందరగా నడిస్తే పేగులు అతుక్కోవని. అది నిజమేనాండీ?

గుంటూరు_సర్జన్:
నడవడం మంచిదేనమ్మా, తప్పకుండా నడిపించాలి, పేగులు తొందరగా కదులుతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టదు, ఊపిరితిత్తులకి కూడా మేలు. అతుకులు రాకుండా ఆపుతుందని మాత్రం రుజువు లేదు. కాబట్టి అతుకులు వచ్చిన వాళ్ళని నువ్వు సరిగ్గా నడవలేదు, అందుకే వచ్చాయి అని ఎవరూ అనకండి, చాలా ఇళ్ళల్లో ఆడపిల్లని అలా అనడం విన్నాను, అది అన్యాయం. అతుకులు ఎంత మంచి చేతుల్లో చేసినా వస్తాయి. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, స్కాట్లాండ్‌లో పొట్ట, కటి భాగం ఓపెన్ ఆపరేషన్లు అయిన వాళ్ళని పదేళ్ళు వెంబడించి చూస్తే ముగ్గురిలో ఒకరు అతుకులకి సంబంధించో, అతుకులు అడ్డం పడగల ఆపరేషన్ కోసమో మళ్ళీ ఆసుపత్రిలో చేరారు, సగటున రెండుసార్లు. సూటిగా అతుకుల వల్లే చేరినవి అందులో 5.7 శాతం.

ఖమ్మం_అక్క:
ఆపరేషన్ అయిందండి. మరిది రాసుకున్న ప్రశ్నలన్ని డాక్టరమ్మను అడిగినం, ఆమె ఏం విసుక్కోలే, కూసోబెట్టి చెప్పింది. రక్తం మొత్తం ఆగితేనే వేస్త, ఆగకపోతే వెయ్య, అప్పుడు ప్యాకెట్ విప్పను, బిల్లుల కూడ రాదు అన్నది. ఆ మాట నచ్చింది మాకు. సెల్యులోజ్ బట్ట వేసిన్రు, వెనక కోత మీద, స్టిక్కర్ సమ్మరీల అంటించి ఇచ్చిన్రు. చెల్లికి కొంచెం జ్వరం లెక్క ఉంది, అది పొర వల్లనా మేడం?

గైనిక్_వరంగల్:
గడ్డలు తీశాక మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం పొర ఉన్నా లేకపోయినా చాలామందికి వస్తుంది. 101 దాటినా, తగ్గి మళ్ళీ పెరిగినా, కోత దగ్గర ఎర్రగా అయినా, పొట్ట ఉబ్బి వాంతులు వచ్చినా వెంటనే చూపించండి. కాన్పు కోసం ఎప్పుడు ప్రయత్నించాలో, తర్వాతి కాన్పు ఎలా చేయాలో సమ్మరీలో రాయించుకున్నారా? సంచి గోడ ఎంత లోతు తెరిచారన్నదాన్ని బట్టి అది ఉంటుంది, పొరని బట్టి కాదు.

ఖమ్మం_అక్క:
రాయించినం మేడం, ఆరు నెలలు ఆగమన్నరు. మీ అందరికి దండాలు.

నల్గొండ_బిడ్డ:
మేడం నాది వేరే సమస్య, కాని అతుకులదే. నాకు మూడో నెలల గర్భం పోయి క్లీన్ చేసిన్రు, అప్పటినుంచి నెలసరి మరకలెక్కనే వస్తది. స్కాన్‌ల సంచి లోపల గోడలు అతుక్కున్నయన్నరు. లోపల కెమెరా పెట్టి విడదీసి జెల్ వేస్తమంటున్నరు. పైన రాసిన పొరనేనా అది?

గైనిక్_వరంగల్:
అది ఆషర్మన్ సిండ్రోమ్ అమ్మా. ఇక్కడ అతుకు పొట్టలో కాదు, సంచి లోపలి గోడల మధ్య. రేకు పరిచే చోటు కాదు కాబట్టి హయలూరోనిక్ ఆమ్లాన్ని చిక్కటి జెల్ చేసి హిస్టెరోస్కోపీ (సంచి లోపల కెమెరా పెట్టి చేసేది) చివర్లో సంచిలో నింపుతారు, గోడలు కొన్ని రోజులు ఎడంగా ఉంటాయి. మళ్ళీ అతుక్కోవడం తగ్గుతుందని ట్రయల్స్‌లో ఉంది. కొందరు జెల్ బదులు చిన్న బెలూన్ పెడతారు, కొందరు కాపర్ లేని లూప్ పెడతారు, లోపలి పొర పెరగడానికి ఈస్ట్రోజన్ మాత్రలు ఇస్తారు. కొన్ని వారాలకి మళ్ళీ కెమెరాతో చూడటం చాలా ముఖ్యం, కొత్తగా పడ్డ అతుకు పల్చగా ఉన్నప్పుడే విడదీస్తే తేలిక, అది మానేయొద్దు.

మన దేశంలో ఇంకొకటి తప్పకుండా చూడాలి, సంచి టీబీ. క్లీన్ చేయడం వల్లే అనుకుని అసలు కారణం వదిలేసిన కేసులు ఉంటాయి. టీబీ ఉంటే జెల్ వేసినా మళ్ళీ అతుక్కుంటుంది, ముందు ఆ మందులు వాడాలి. హిస్టెరోస్కోపీ చేసేటప్పుడే లోపలి పొర ముక్క తీసి టీబీ పరీక్షకి, బయాప్సీకి పంపమని మీ డాక్టరుని ముందే అడగండి, తర్వాత అడిగితే మళ్ళీ ఇంకోసారి మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

నల్గొండ_బిడ్డ:
టీబీ సంగతి ఎవ్వలు అడగలే మేడం. మా అత్తకు మొన్ననే ఆర్నెల్ల కోర్సు అయింది, ఒక ఇంట్లనే ఉంటం. రేపే పోయి చెప్త.

గైనిక్_వరంగల్:
అయితే తప్పకుండా ఆ మాట మొదట చెప్పు బంగారం, మీ అత్తగారి మందుల కార్డు కూడా తీసుకెళ్ళు.